గాలి మిగిలింది, వాన దాటిపోయింది: బత్తలపల్లి సీమలో పునరుత్పాదక శక్తి

మారుమూల ఊళ్లకు పునరుత్పాదక శక్తి అనగానే ఇంధన నిపుణులకు ముందు గుర్తొచ్చేవి చలిదేశాలు. అలాస్కా, ఉత్తర కెనడా, లడఖ్ లాంటి చోట్ల పెద్ద కరెంటు లైన్లు చేరని పల్లెల్లో డీజిల్ జనరేటర్లు మాన్పించి గాలితో, ఎండతో, వాగునీటితో దీపం వెలిగించే ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. ఈ వ్యాసం అదే సంగతిని ఎదురు కొస నుంచి చూస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలో అనంతపురం–కదిరి రోడ్డు మీద ఉన్న మండల కేంద్రం బత్తలపల్లి. దాని చుట్టూ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, కదిరి ప్రాంతాలు. ఇక్కడ మంచు పడదు. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడితే గొప్ప. అయినా దేశంలో గాలి కరెంటు, ఎండ కరెంటు విరివిగా పుట్టే ప్రాంతాల్లో ఇదొకటి. ఆ కరెంటుకూ ఇక్కడి పల్లె బతుకుకూ పొత్తు ఎంత, ఎక్కడ కుదిరింది, ఎక్కడ తెగిపోయింది అన్నదే ఇక్కడ చర్చ.

వేడి కావాలా, నీళ్లు కావాలా

చలిదేశపు పల్లెలో ఇంధనంలో పెద్ద వాటా ఇల్లు వెచ్చబెట్టడానికే పోతుంది. దీపాలు, టీవీలు, ఫోన్లు వాడుకునేది దాని ముందు కొసరు. బత్తలపల్లి పల్లెలో ఆ పెద్ద వాటా బోరు మోటారుది. ఈ రెండు అవసరాల తేడా ఒక చిన్న లెక్కలో తేలిపోతుంది. వెయ్యి లీటర్ల నీళ్లను వంద మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి సిద్ధాంతం ప్రకారం పావు యూనిట్టు కంటే కాస్త ఎక్కువ కరెంటు చాలు. మోటారులో, పైపుల్లో పోయేది కలుపుకున్నా అర యూనిట్టు దాటి ఇంకొంచెం అవుతుంది, అంతే. అవే వెయ్యి లీటర్లను ఒక్క డిగ్రీ, ఒకే ఒక్క డిగ్రీ, వేడెక్కించాలంటే 1.16 యూనిట్లు కావాలి. చలిలో బతకడం ఎంత ఖరీదో దీన్నిబట్టి తెలుస్తుంది. అక్కడ ఎండ తక్కువగా ఉండే కాలమే అవసరం ఎక్కువగా ఉండే కాలం కూడా. ఇక్కడ ఎండ మండే రోజే పైరుకు దాహం. ప్రకృతి ఇంత అనుకూలంగా జత కలిపినా ఈ సీమ రైతు ఏళ్ల తరబడి అర్ధరాత్రి లేచి మోటారు వేయాల్సి వచ్చింది. ఆ ముచ్చట తర్వాత.

చలిదేశాల్లో కొన్ని ఊళ్లు ఈ చిక్కును తమకు తోచిన తీరున విప్పుకున్నాయి. అలాస్కాలో ఆర్కిటిక్ వృత్తానికి పైనున్న కోట్జెబ్యూ పట్టణంలో విద్యుత్ సహకార సంఘం 1997లోనే గాలిమరలు నిలిపింది. కెనడాలో యూకాన్ ప్రాంతపు ఓల్డ్ క్రో అనే ఊరికి రోడ్డు లేదు, విమానంలోనే వెళ్లాలి. 2021లో అక్కడ 940 కిలోవాట్ల సౌర కేంద్రం పనిచేయడం మొదలైంది. దాని యజమాని అక్కడి ఆదివాసుల పాలనా సంఘమే. తన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్ముతుంది. లడఖ్‌లోని లేహ్‌కు 2019లో శ్రీనగర్ నుంచి పెద్ద లైను వచ్చేదాకా డీజిలూ, 2014లో జాతికి అంకితమైన నిమూ బజ్గో జల విద్యుత్ కేంద్రమూ దిక్కు. చలికాలంలో నది గడ్డకడితే జల విద్యుత్తూ సన్నగిల్లుతుంది. ఓల్డ్ క్రో సంగతి గుర్తు పెట్టుకోవాలి. కేంద్రం ఎవరిది అన్న ప్రశ్న మన నంబులపూలకుంట సోలార్ పార్కు దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

కపిల నుంచి కరెంటు దాకా

కరెంటు రాకముందు ఈ సీమలో నీళ్లు తోడింది ఎద్దులు. బావి గట్టున గిలక, దాని మీంచి మోకు, మోకు చివర తోలు బాన. ఎద్దులు ఏటవాలు బాటలో కిందికి దిగితే బాన పైకొచ్చేది, వెనక్కి నడిస్తే బావిలోకి దిగేది. దాన్నే కపిల అన్నారు. పచ్చిగడ్డి, చొప్ప తిని పనిచేసే ఆ ఏర్పాటును పునరుత్పాదక శక్తి అనడానికి అభ్యంతరం ఏముంటుంది? ఇరవై ముప్పై అడుగుల బావికి అది సరిపోయింది. నీళ్లు అంతకు కిందికి పోయాక ఎద్దు చేతకాలేదు, ఆయిల్ ఇంజను వచ్చింది. ఇంకా కిందికి పోయాక ఇంజనూ చేతకాలేదు, బోరు, నీళ్లలో మునిగే మోటారు వచ్చాయి. ఇక్కడి ఇంధన చరిత్రను నేల కింద నీటి మట్టం పడిపోయిన చరిత్రగానూ చదువుకోవచ్చు.

ఆషాఢం గాలి

మే చివర నుంచి సెప్టెంబరు దాకా ఈ ప్రాంతంలో గాలి ఆగదు. ఆషాఢంలో మరీ ఉధృతం. రేకుల పైకప్పు మీద రాళ్లు పెట్టుకోవడం, ఆరేసిన బట్టను ముడేసి కట్టడం ఇంటింటా అలవాటు. నైరుతి రుతుపవనం పడమటి కనుమలెక్కేటప్పుడు మోసుకొచ్చిన నీరంతా అక్కడే కురిపించేస్తుంది. కనుమలు దాటి ఇటు దిగేసరికి మేఘం ఖాళీ, మిగిలింది గాలి ఒక్కటే. ఈ సీమకు కరువు తెచ్చిన కారణమూ గాలిమరలు తెచ్చిన కారణమూ ఒకటే. ఇంత సూటైన సంబంధం వేరే ఎక్కడా నాకు కనిపించలేదు.

గాలి ఉందని అందరికీ తెలుసు. ఎంత ఉందో కొలిచి చెప్పాలి. ఆ పనికి దేశమంతటా పూనుకున్నది వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి (1918–2001). వాతావరణ శాఖ నుంచి విశ్రాంతి తీసుకున్నాక బెంగళూరు నుంచి ఆమె నడిపిన పవన శక్తి సర్వే మీదే మన దేశపు గాలి విద్యుత్ కేంద్రాలకు పునాది పడింది. కొలత అంత ముఖ్యం కావడానికి కారణం ఉంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఒక గుట్ట మీద సెకనుకు నాలుగు మీటర్ల గాలి, పక్క గుట్ట మీద ఆరు మీటర్ల గాలి ఉంటే రెండో దాంట్లో శక్తి మూడింతలకు పైమాటే. అందుకే స్తంభం పాతి ఏడాది పొడవునా కొలిచాకే మర ఎక్కడ నిలపాలో తేలుస్తారు. చలిదేశంలో గాలి చిక్కగా ఉంటుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్న గాలి, మన ముప్పై డిగ్రీల గాలి కంటే ఇంచుమించు ఐదో వంతు ఎక్కువ బరువు. అదే వేగానికి అంత ఎక్కువ శక్తి దక్కుతుంది. కానీ అక్కడ రెక్కల మీద మంచు పేరుకుంటుంది, మర ఆపాలి. ఇక్కడ రెక్కను కోసేది దుమ్ము.

రాష్ట్రంలో గాలి విద్యుత్తుకు మొదటి అడుగులు పడిన చోట్లలో ధర్మవరానికి నైరుతిన ఉన్న రామగిరి ఒకటి. సంప్రదాయేతర ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ 1986లో ఏర్పడింది, జనం నోట నెడ్‌క్యాప్. ఆ తర్వాతి దశాబ్దంలో రామగిరి కొండల మీద మరలు తిరగడం మొదలైంది. రామగిరి అంటే అంతకు ముందు బంగారు గనులు. భారత్ గోల్డ్ మైన్స్ తవ్విన గని ఈ శతాబ్దం మొదట్లో మూతబడింది. నేల కింద సొమ్ము నిండుకుంటున్న కాలంలోనే నేల మీది గాలికి ధర పలికింది. అప్పటి మరలు ఒక్కొక్కటి రెండు మూడు వందల కిలోవాట్లవి. ఇప్పుడు నిలిపేవి రెండు మూడు మెగావాట్లవి, ఒక్కటి నాటి పదింటి పెట్టు. ఊళ్లలో మాత్రం పెద్దవాటినీ చిన్నవాటినీ ఫ్యాన్లనే అంటారు. ఫలానా గుట్ట ఎక్కడని అడిగితే "ఫ్యాన్లున్నాయే, ఆడ" అని చెయ్యి చూపిస్తారు. గాలివాటం మారినప్పుడు మర తల మెల్లగా తిరుగుతుంది. ఆ కదలిక చూసి వానొచ్చేదీ లేనిదీ చెప్పే పెద్దలు కూడా బయలుదేరారు.

మరలు నిలిచిన గుట్టలన్నీ ఖాళీ గుట్టలు కావు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, ముష్టికోవెల మొదలైన ఊళ్ల జనంతో కలిసి బోడిగా ఉన్న రెవెన్యూ గుట్టలను కాపాడుతూ వచ్చింది. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కాస్తే చాలు, వేళ్లలో మిగిలిన చెట్టు తనంతట తానే లేచింది. కొన్ని వేల ఎకరాల ఆ అడవికి కల్పవల్లి అని పేరు పెట్టారు. అక్కడ పెరిగే బోదగడ్డి ఇళ్ల కప్పుకు, ఈతాకు బుట్టలకు, చీపుర్లకు పనికొస్తుంది, గొర్రెలకు మేత దొరుకుతుంది. 2010 తర్వాత ఆ గుట్టల మీదికి గాలి విద్యుత్ కేంద్రం వచ్చింది. మర నిలపాలంటే పొడవాటి రెక్కను లారీ మీద కొండెక్కించాలి, దానికి వెడల్పాటి రోడ్డు కావాలి. రోడ్ల కోసం తవ్విన మట్టి వాగుల్లోకి జారింది, మేత నేలలు ముక్కలయ్యాయి. కాగితంలో ఆ నేల బంజరు. గాలి కేంద్రాలకు పర్యావరణ ప్రభావ అధ్యయనం తప్పనిసరి కాదు. కాబట్టి అడ్డు చెప్పే నిబంధన ఏదీ దొరకలేదు. తగాదా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు పొగలేనిదే, దాంట్లో సందేహం లేదు. అయితే అది ఏ నేల మీద నిలబడిందో ఆ నేలను 'బంజరు' అనే ఒక్క మాటలో తేల్చేయడమే ఈ తప్పుకు మూలం అని నా అభిప్రాయం. విచిత్రమేమంటే టింబక్టు ఆవరణలో దీపాలు మొదటి నుంచీ వెలుగుతున్నది సొంత సోలార్ ప్లేట్ల మీదే. పునరుత్పాదక శక్తి అంటే వాళ్లకు వ్యతిరేకత అనే మాట అక్కడ చెల్లదు.

ఎండను పండించడం

ఇక్కడ చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున ఐదారు యూనిట్ల ఎండ పడుతుంది. చదునైన నేల, తక్కువ మబ్బు, తక్కువ ధర. సౌర కంపెనీలకు ఇంతకంటే ఏం కావాలి? కదిరి దిగువన నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో అల్ట్రా మెగా సోలార్ పార్కు పెట్టారు. భారత సౌరశక్తి సంస్థ సెకి, ఏపీ జెన్‌కో, నెడ్‌క్యాప్‌లు కలిసి పెట్టిన సంస్థ నేల, రోడ్లు, లైన్లు సమకూర్చింది. ఎన్‌టీపీసీ తన 250 మెగావాట్ల కేంద్రాన్ని 2016లో పూర్తిచేసింది. నంబులపూలకుంట (ఎన్.పి.కుంట) దారిన పోతుంటే దూరంనుంచి చెరువు నిండినట్టు కనబడుతుంది. దగ్గరికి పోతే నీలం పలకలు.

పలక ఎండను తింటుంది గానీ వేడిని భరించలేదు. స్ఫటిక సిలికాన్ పలక సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అంతకు మించిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి వందకు 0.4 చొప్పున పడిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలున్నప్పుడు పలక వీపు 65 డిగ్రీలు దాటడం మామూలే. ఆరో వంతు ఉత్పత్తి అక్కడే ఆవిరైపోతుంది. లడఖ్ ఎండకు, లడఖ్ చలికి ఆ పలకే ఎక్కువ కరెంటు ఇస్తుంది. మన సీమలో చల్లటి గాలి వీచే మబ్బులేని డిసెంబరు పగలే దానికి సుఖంగా ఉండే సమయం.

రెండో బెడద దుమ్ము. పలక మీద దుమ్ము పేరితే కరెంటు తగ్గుతుంది, కడగాలి. కరువు సీమలో కడగడానికి నీళ్లు కావాలి. ట్యాంకరు ముందు నడుస్తుంది, వెనక పొడుగాటి కర్రకు బిగించిన బ్రష్షు పట్టుకుని పక్క ఊళ్ల ఆడవాళ్లు వరస వెంబడి తోముకుంటూ పోతారు. పలకల కింద గడ్డి కోయడం, కాపలా కాయడం, ఇవీ ఊరివాళ్లకు దొరికిన కూలి పనులు. వందల మెగావాట్ల కేంద్రానికి ఊరి నుంచి కావలసిన చేతులు అంత తక్కువ.

నేల సంగతి ఇంకా చిక్కు. ఎన్.పి.కుంటలో తీసుకున్న నేలలో పట్టా ఉన్నదీ ఉంది, పేదలకు ఇచ్చిన డీపట్టా నేలా ఉంది, పట్టా ఏదీ లేకుండా తరాలుగా సాగు చేసుకుంటున్న శివాయిజమా నేలా ఉంది. శివాయిజమా రైతు చేతిలో కాగితం ఉండదు. పరిహారం లెక్క వచ్చేసరికి అతను లేనట్టే. సరిహద్దుకు ఆవల, మూడు వైపులా ఆంధ్రతో చుట్టుకున్న తెలుగు మాట్లాడే తాలూకా పావగడలో కర్ణాటక ప్రభుత్వం వేరే దారి పట్టింది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాలను కొనలేదు, 28 ఏళ్లకు కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. 2018లో మొదలై 2,050 మెగావాట్ల దాకా పెరిగింది. వరసగా శెనక్కాయ పంట పోగొట్టుకున్న రైతుకు ఆ కౌలు వానను నమ్ముకోనక్కర్లేని రాబడి. నేలలేని కూలీకి మాత్రం అదీ లేదు. కలుపు పోయింది, కాయ ఒలుపు పోయింది, గొర్రెలు తిరిగిన బీడుకు కంచె పడింది. కొనడం కంటే కౌలు మేలు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊరే యజమాని అయిన ఓల్డ్ క్రో పద్ధతికి మాత్రం రెండూ చాలా దూరం.

మోటారు ఎప్పుడు వేయాలి

2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడింది. ధర పోయింది గానీ వేళ కుదరలేదు. త్రీఫేజు కరెంటు రోజుకు ఏడు గంటలు, అదీ రెండు విడతలు, ఒక విడత రాత్రి. రాత్రి పది తర్వాత ఇచ్చే కరెంటు కోసం రైతు టార్చిలైటు తీసుకుని గట్టు మీదికి పోవాల్సి వచ్చేది. స్టార్టరు డబ్బా తెరిచి, పచ్చబటన్ నొక్కి, మోటారు గొంతు విని, ఫేజు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాల్సి ఉండేది. ఒక ఫేజు పోతే మోటారు గుయ్యిమని మూలుగుతుంది, వెంటనే ఆపకపోతే కాయిలు కాలుతుంది. గట్టు మీద పాము, తడి చేత్తో తీగ, ఈ రెండూ తీసుకుపోయిన ప్రాణాలు ప్రతి మండలానికీ తెలుసు. ఆటో స్టార్టరు పెట్టుకుంటే ఇంట్లో పడుకోవచ్చు. అయితే కరెంటు వచ్చిన మరుక్షణం ఊరి మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. ఆ తర్వాత సెల్‌ఫోన్‌తో వేసే స్టార్టర్లు వచ్చాయి.

పగటి పూట తొమ్మిది గంటలు ఇవ్వాలన్న నిర్ణయం అమలుకు పగటి కరెంటు కావాలి. పగటి కరెంటంటే ఎండ కరెంటే. 2021 డిసెంబరులో రాష్ట్ర పంపిణీ సంస్థలు సెకితో 7,000 మెగావాట్లకు, యూనిట్టు 2 రూపాయల 49 పైసల చొప్పున ఒప్పందం చేసుకున్నాయి. అది రాజస్థాన్‌లో తయారై లైన్ల మీద రావలసిన కరెంటు. ఎన్.పి.కుంట పలకల పక్క పొలంలో మోటారుకు రాజస్థాన్ ఎండ! గ్రిడ్డులో కలిశాక కరెంటు ఎక్కడిదన్న తేడా ఉండదని ఇంజనీర్లు చెబుతారు, నిజమే. కానీ ఊరివాళ్లకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పలేదు.

పొలంలోనే పలకలు పెట్టి మోటారు నడిపే పద్ధతి వేరు. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం దీన్ని దేశమంతటా సబ్సిడీతో ప్రోత్సహించింది. అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అందరికీ తెలిసిన పేరు ఆర్డీటీ, చిన్న రైతులకు సోలార్ పంపు, డ్రిప్పు, పండ్ల మొక్కలు కలిపి ఇస్తూ వచ్చింది. అయిదు హార్స్‌పవర్ మోటారుకు అయిదు కిలోవాట్లకు దగ్గరగా పలకలు కావాలి. ఎండెక్కేకొద్దీ ధార లావెక్కుతుంది, సాయంత్రానికి సన్నబడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, తోడిన నీటిని నిలవ చేసుకుంటే అదే బ్యాటరీ. ఈ తీరులో సోలార్ పంపంత చక్కగా ఈ సీమకు కుదిరిన యంత్రం ఇంకోటి లేదు. దాని ఆపద కూడా అదే. బిల్లు లేదు, వేళ లేదు, ఆపమని చెప్పేది ఎవరూ లేరు, నీళ్లున్నంతకాలం తోడుతూనే ఉండొచ్చు. డ్రిప్పు లేకుండా సోలార్ పంపు ఇవ్వడం చెంబు ఇచ్చి కుండకు చిల్లు పెట్టినట్టు. 2003 తర్వాత అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోరులో నీటిమట్టం కొలిచి, గోడ మీద రాసి, దాన్నిబట్టి ఏ పంట వేయాలో తేల్చుకున్న భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. సోలార్ పంపుకు జతగా ఉండాల్సింది ఆ గోడ మీది లెక్క.

పేడ, చలి, కరువు

కొడికొండ చెక్‌పోస్టు దాటితే బాగేపల్లి. కర్ణాటకే అయినా మాట తెలుగు. అక్కడ కూలి సంఘంతో కలిసి పనిచేసే అడాట్స్ అనే సంస్థ 5,500 ఇళ్లకు రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించే పథకం పెట్టి, 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగం కింద నమోదు చేయించింది. పొయ్యిలోకి పోయే కట్టెలూ కిరసనాయిలూ తగ్గినంత మేరకు కార్బన్ క్రెడిట్లు, ఆ డబ్బుతో ప్లాంట్ల ఖర్చు. ప్రపంచంలో చిన్న ఇళ్ల వంటగదిని కార్బన్ లెక్కలోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఇప్పుడు పల్లెల్లో ఎక్కువగా కనబడే గుమ్మటం ప్లాంటు నమూనా పేరు దీనబంధు, 1984లో వచ్చింది. గుమ్మటం భూమిలో ఉంటుంది, పైకి కనబడేది పేడ కలిపే తొట్టి, అటు చివర బురద బయటికొచ్చే గుంత. పొద్దున్నే పేడకు సమానంగా నీళ్లు పోసి, చేత్తో కలిపి, పీచూ రాయీ ఏరి పడేసి, లోపలికి వదలాలి. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు ఇంచుమించు యాభై కిలోల పేడ పట్టాలి, అంటే నాలుగైదు పశువులు.

మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి ఇష్టం. పది డిగ్రీలకు దిగితే దాదాపు పని మానేస్తాయి. అందుకే హిమాలయాల ఎత్తుల్లో గోబర్ గ్యాస్ చలికాలమంతా నిద్రపోతుంది. ఈ సీమలో ఏడాదంతా వాటికి అనువైన వేడే. మరి ఇక్కడెందుకు చాలా గుమ్మటాలు ఎండిపోయి కనబడతాయి? కరువొస్తే మేత ఉండదు, పశువులను సంతకు తోలతారు, పేడ ఆగిపోతుంది, దాంతో పొయ్యి ఆరిపోతుంది. కలపడానికి నీళ్లూ ఉండవు. వాన తప్పితే గ్యాసు కూడా తప్పే ప్లాంటు ఇది.

ఎండతో వంట చేయడం గురించి రెండు మాటలు చాలు. పూర్వపు చిత్తూరు జిల్లా బైసానివారిపల్లెలో 36 కుటుంబాలకూ గిన్నె ఆకారపు అద్దాల సౌర పొయ్యిలు పెట్టి ఊరంతా పొగలేని వంట చేయించారు, దేశవిదేశాల్లో పేరొచ్చింది. తిరుమలలో 2002లో ఆవిరితో వంట చేసే పెద్ద సౌర ఏర్పాటు పెట్టారు. పెద్ద వంటశాలకు అది నప్పింది. ఇంటికి నప్పడం కష్టం. ఇక్కడి మనిషికి రాత్రి సంగటి ఉండాలి. సంగటి ముద్ద కట్టాలంటే గిన్నెను రెండు కాళ్ల మధ్య బిగించి కట్టెతో గట్టిగా కెలకాలి. పొద్దుగూకాక, ఆరుబయట, అద్దం ముందు ఆ పని ఎవరు చేస్తారు?

వెచ్చగా, చల్లగా: ఆసుపత్రి

బత్తలపల్లి పేరు జిల్లాకు బయట వినబడేది ఆర్డీటీ పెద్దాసుపత్రి వల్ల. అలాంటి ఆసుపత్రికి కరెంటు పోవడమంటే చీకటి పడటం ఒక్కటే కాదు. నెల తక్కువ బిడ్డను పడుకోబెట్టే వెచ్చటి తొట్టి, ఊపిరి అందించే యంత్రం, రక్తనిధి, టీకాల ఫ్రిజ్ ఏదీ ఆగకూడదు. చలి ఎరగని సీమలో కూడా అప్పుడే పుట్టిన బిడ్డకు చలి ప్రాణాంతకమే. చలిదేశపు వెచ్చదనం అవసరం ఇక్కడ ఆ ఒక్క గదిలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితరులు 2023లో వేసిన అంచనా ప్రకారం పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లో వంద కోట్ల మందికి దగ్గరున్న ఆరోగ్య కేంద్రాల్లో నమ్మదగిన కరెంటు లేదు, కొన్నింట్లో అసలు కరెంటే లేదు.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అలాస్కా ఊళ్లో టీకా గడ్డకట్టకుండా కాపాడాలి, ఇక్కడ వేడెక్కకుండా కాపాడాలి. లైను నమ్మకం లేని ఉపకేంద్రాలకు ఇప్పుడు బ్యాటరీ లేని సోలార్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. పగలంతా ఎండతో లోపల మంచు కట్టించి, రాత్రి ఆ మంచు చల్లదనంతో నెట్టుకొస్తాయి. బ్యాటరీని ఎందుకు తీసేశారంటే మొదట పాడయ్యేది అదే. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల తర్వాత ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. చలిలో ఆయుష్షు ఉంటుంది, సత్తువ ఉండదు, మరీ చలైతే పూర్తిగా దిగిన బ్యాటరీలో ద్రవం గడ్డకట్టి పెట్టె పగులుతుంది. మన ఊళ్లలో పదేళ్ల కింద పెట్టిన సోలార్ వీధి దీపాల స్తంభాలు నిలబడే ఉన్నాయి, పలకా ఉంది, బ్యాటరీ పెట్టె ఖాళీ. కొత్తది ఎవరు వేయాలో పంచాయతీ పద్దులో రాసి ఉండదు.

తెలుగువారి చలి పల్లెలు

తెలుగునాట నిజంగా చలి ఉన్న మారుమూల పల్లెలు చింతపల్లి, లంబసింగి మన్యంలోనూ, పాత ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ అనే గిరిజన పల్లెలో ఆడవాళ్ల సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె తీసి, డీజిల్‌కు బదులు వాడే దారి తొక్కాయి. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో జరిపిన సమావేశపు కాలుష్యానికి పరిహారంగా 147 టన్నుల కార్బన్ లెక్కకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము చిన్నదే. కానుగ మాత్రం బత్తలపల్లి రోడ్ల పక్కనా నీడనిస్తూనే ఉంది, దాని గింజలు ఏరేవాళ్లు తక్కువ.

ఎండను రాత్రికి దాచడం

గాలి ఆషాఢంలో, ఎండ మధ్యాహ్నం. ఊరికి వెలుగు కావాల్సింది సాయంత్రం ఆరు తర్వాత. ధర్మవరంలో జకార్డు ఎత్తే చిన్న మోటారు పెట్టుకున్న మగ్గాలకూ పొద్దుపోయాకే పని జోరు. చలిదేశాల చిన్న ఊళ్లలో ఈ ఎడం పూడ్చడానికి బ్యాటరీ గదులు కడుతున్నారు. మన రాష్ట్రం పట్టుకున్న దారి పంప్డ్ స్టోరేజీ, అంటే నీటిని ఎత్తి నిలవ చేయడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల అలాంటి కేంద్రానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది బత్తలపల్లికి పొరుగున ఉన్న తాడిమర్రి మండలంలో, చిత్రావతి జలాశయం దాపున పెద్దకోట్ల దగ్గర 1,000 మెగావాట్ల కేంద్రానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. పగలు మిగిలిన ఎండ కరెంటుతో కింది చెరువులోని నీళ్లను కొండ మీది చెరువులోకి తోడతారు, దీపాలు పెట్టే వేళకు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వేసవిలో ఆవిరైపోయేది పోగా, ఎత్తిన నీళ్లు పొలానికి పోవు, తిరిగి కింది చెరువుకే వస్తాయి.